పని చెయ్యనివాడి తిండి

మన సంఘాలలో సభ్యులను రెండు తరగతులుగా విడగొట్టే అలవాటు ఒకటి ఉన్నది: క్రియాశీల సభ్యులు, తక్కినవారు. సభలకు వచ్చేవాడు, కరపత్రాలు పంచేవాడు, చందాలు వసూలు చేసేవాడు, పొద్దున్నే లేచి ఊళ్ళు తిరిగేవాడు మొదటి తరగతి. రానివాడు రెండో తరగతి. ఎందుకు రాలేదనే ప్రశ్న సాధారణంగా వెయ్యం. ఈ విభజనలో ఏదో దోషం ఉన్నదని నాకు ముప్పై అయిదేళ్ళు వచ్చేవరకు తోచలేదు. తోచకపోవడానికి కారణం నా తెలివితక్కువ మాత్రమే కాదు. నేను ఎప్పుడూ మొదటి తరగతిలోనే ఉంటూ వచ్చాను. గట్టుమీద నిలబడ్డవాడికి గట్టు ఎత్తు తెలియదు.

2022లో మా శాఖ సభ్యత్వాలు సరిచూసుకుంటున్నప్పుడు, డెబ్భై దాటిన ఒక పెద్దమనిషి పేరును కార్యవర్గం నుంచి తొలగించాలని ప్రతిపాదించింది నేనే. ఆయన రిటైరైన బడి అయ్యవారు. మోకాళ్ళు పట్టుకుపోయి ఏడాదిన్నరగా ఇల్లు కదలడం లేదు. "ఆయన మీద గౌరవం వేరు, పని వేరు" అని నేను చేసిన చిన్న ప్రసంగం నాకు ఇప్పటికీ గుర్తున్నది. ఎవరూ అడ్డు చెప్పలేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

ఆ మరుసటి ఏడే నేను మంచాన పడ్డాను. అయితే నా జబ్బు కథ చెప్పుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు. జబ్బు ఎవరికైనా వస్తుంది, అందులో గొప్పేమీ లేదు. కాని మనం ఏళ్ళతరబడి వేదికల మీద మాట్లాడుతున్న ఒక నీతిసూత్రాన్ని నేను మంచం మీద నుంచి మళ్ళీ చూడవలసి వచ్చింది. పని చెయ్యని మనిషికి విలువ ఎక్కడి నుంచి వస్తుంది? ఇదీ ప్రశ్న. దీనికి జవాబు మన దగ్గర ఉన్నదని అనుకుంటూ వచ్చాం. ఉన్న జవాబు సరిగ్గా చదువుకోలేదని నా అనుమానం.

ముందు విషయం చెబుతాను. తుంటి కీలు ఒక గిన్నెలో తిరిగే బంతి వంటిది. తొడ ఎముక పైకొన బంతి. కటి ఎముకలోని గుంట గిన్నె. ఆ బంతికి నెత్తురు అందించే నాళాలు సన్నవి, కొద్దివి. అవి మూసుకుపోతే ఎముక లోపల లోపలే చచ్చి, మెల్లగా కుంగిపోతుంది. ఇది ముసలితనపు అరుగుదల కాదు. ముప్పై, నలభై ఏళ్ళ వయసులో కూడ వస్తుంది. కారణాలలో అతిగా తాగడం ఒకటి, స్టెరాయిడ్ మందులు మరొకటి. 2021 వేసవిలో కరోనా నా ఊపిరితిత్తులను పట్టుకున్నప్పుడు నాకు ఇచ్చినది స్టెరాయిడే. అది లేకపోతే బహుశా నేను ఉండేవాణ్ణి కాదు. ప్రాణం నిలిపిన మందే కాలును తీసుకున్నదా అని అడిగితే డాక్టరు "కావచ్చు" అన్నాడు. 2023 డిసెంబరులో బెంగుళూరులో నా కుడి తుంటికి కృత్రిమ కీలు వేశారు. మరునాడే వాకరు పట్టించి నిలబెట్టారు. పది రోజుల తర్వాత మా ఊరు తనకల్లుకు, అమ్మానాన్నల ఇంటికి వచ్చాను.

కదిరి నుంచి మదనపల్లెకు పోయే దారిలో ఉన్న ఊరు తనకల్లు. నిన్నమొన్నటి వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. జిల్లా పేరు మారింది గాని ఆకాశం మారలేదు. పాత అనంతపురం జిల్లా మొత్తానికి సాలుకు సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా విత్తనానికి ఒకసారి ఎగ్గొట్టి, కోతకు ఒకసారి పడే వాన. ఎర్రమన్ను, గుండ్రాళ్ళు, వేరుశనగ. పంట పోయిన ఏడు బెంగుళూరు బస్సు. ఇక్కడ "బాగుండావా" అనే ప్రశ్నకు "పనికి పోతాండావా" అని అర్థం. పనికి పోయేవాడు బాగున్నట్లు, పోలేనివాడు బాగాలేనట్లు. ఆరోగ్యానికి ఇంతకంటె సూటియైన నిర్వచనం వైద్యశాస్త్రంలో కూడ లేదేమో.

నన్ను చూడవచ్చినవాళ్ళు రెండు రకాల ఓదార్పులు తెచ్చారు. మొదటిది వైరాగ్యం. శరీరం నిలిచేది కాదు, ఎవరి కర్మ వారిది, అనుభవించక తప్పదు. మాకు ముప్పై నలభై కిలోమీటర్ల లోపలే గాండ్లపెంట దగ్గర కటారుపల్లె ఉన్నది, అక్కడ వేమన సమాధి ఉన్నది. ఆయన పేరు చెప్పి కూడ నాకు శరీరం మీద ఏవగింపు బోధించిన బంధువులున్నారు. వేమన శరీరాన్ని తక్కువచేసి మాట్లాడింది కులగర్వాన్నీ, ధనగర్వాన్నీ దించడానికి గాని, మంచాన పడ్డవాణ్ణి నోరు మూసుకొమ్మనడానికి కాదన్న సంగతి వాళ్ళకు అక్కరలేదు. రెండో ఓదార్పు కొత్తకాలపుది. దానిని తెచ్చినవాళ్ళు చదువుకున్న మిత్రులు. "నీకు పట్టుదల ఉన్నది. నీవంటి చురుకైన మనిషి త్వరగా లేస్తాడు. అంతా మనసులోనే ఉన్నది" అన్నారు.

మొదటి ఓదార్పును తోసిపుచ్చడం నాకు సులభమే. రెండోది తియ్యగా ఉన్నది. రోజూ చెప్పిన వ్యాయామాలు చేశాను, నొప్పిని ఓర్చుకున్నాను, ఆరు వారాలలో వాకరు వదిలి చేతికర్ర పట్టాను. ఇదంతా నా పట్టుదల వల్లనే జరిగిందని ఎవరైనా అంటే వద్దనడం కష్టం. నిజం చెప్పాలంటే కొన్నాళ్ళు నేనూ నమ్మాను. నమ్మకం చెదిరింది మా వీధి చివర ఉండే ఒక అవ్వ వల్ల.

ఆమెకు అరవై అయిదేళ్ళు ఉండవచ్చు. పదేళ్ళ వయసు నుంచి కూలిపని. 2021లో గడ్డిమోపుతో గట్టు దిగుతూ పడి తుంటి విరగ్గొట్టుకున్నది. నాటుకట్టు కట్టించారు. ముంజేతికీ, కాలిపిక్కకూ విరుగుడు తగిలినప్పుడు మంచి చెయ్యి పడితే నాటుకట్టుతో అతుక్కున్నవి చాలా ఉన్నాయి. కాని తొడ ఎముక మెడ దగ్గర విరిగితే సంగతి వేరు. బంతికి పోయే నెత్తురు తెగుతుంది. కట్టు ఎంత బిగించినా లోపలి ముక్కలు కదలక మానవు. నెల దాటిన తర్వాత ఆసుపత్రికి తీసుకుపోతే శస్త్రచికిత్స చెయ్యాలన్నారు. చికిత్స ఉచితంగా దొరుకుతుందని కూడ వాళ్ళకు తెలుసు. కాని ఆసుపత్రిలో పక్కన ఉండటానికి ఒక మనిషి కావాలి. కొడుకు బెంగుళూరులో మేస్త్రి కింద పని చేస్తున్నాడు, వస్తే ఆ పని ఇంకొకడికి పోతుంది. కోడలు పోతే ఇక్కడ కూలి పోతుంది, పిల్లలను చూసేవాళ్ళుండరు. "పంట ఒబ్బిడి కానీ, ఆమీద పోదాం" అనుకున్నారు. పోలేదు. ఆ కాలు రెండంగుళాలు కురచయింది. ఒక కట్టె పట్టుకుని గోడవార నడుస్తుంది.

నేను వాకరుతో వీధిలోకి వచ్చిన మొదటి రోజున ఆమె అరుగు మీద కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తున్నది. విత్తనాలకని ఎవరో రైతు మూటలు దించిపోతే, కిలోకింత అని ఒలిచి ఇస్తుంది.

"ఏం నాయినా, నీ కాలు ఎట్లుండాది?" అన్నది.

"పర్వాలేదవ్వా. నీ కాలో?"

"నీకు ఇనుము పెట్టిరంట గదా. నాది దేవుడు పెట్టింది ఇరిగిపాయ, మళ్ళా పెట్టేటోడు లేకపాయ" అని నవ్వింది.

ఈ వయసులో ఇంకా పని ఎందుకని నేను తెలివితక్కువగా అడిగాను. "కూకోని తింటే ఎవురు పెడతారు నాయినా? కాలు ఇరిగితే చేతులకేం రోగం?" అన్నది.

పట్టుదల అనేది మనుషులను లేపి నడిపించేదే అయితే, ఈ వీధిలో ముందు నడవవలసింది ఆమె. రెండు సంవత్సరాలు ఏ మందూ లేని నొప్పితో ఆమె పట్టిన పట్టు ముందు నా ఆరు వారాల వ్యాయామం ఎంత? ఆమె లేవలేదు, నేను లేచాను. కనుక తేడా పట్టుదలలో లేదు. ఎక్కడ ఉన్నది? లెక్క వేసుకున్నాను.

నాకు వైద్యకారణం మీద సెలవు ఉన్నది, ఆ సెలవుకు జీతం ఉన్నది. ఆసుపత్రి బిల్లులో పెద్దభాగం ప్రభుత్వం నుంచి తిరిగి వచ్చింది. తుంటిని తొంభై డిగ్రీలకు మించి వంచగూడదన్నారు. నేల మీద కూర్చోగూడదు, గొంతుకూర్చోగూడదు, కాలుమీద కాలు వెయ్యగూడదు. వంచితే కొత్త కీలు జారిపోయే ప్రమాదం ఉన్నది. ఈ ఆజ్ఞలు పాటించాలంటే ఎత్తయిన మంచం కావాలి, చేతులున్న కుర్చీ కావాలి, కుర్చీవంటి మరుగుదొడ్డి కావాలి. ఇవన్నీ నాకు సమకూరాయి. నేల మీద కూర్చుని తిని, నేల మీద పడుకుని, పొయ్యిముందు గొంతుకూర్చుని వండుకునే ఇంటికి ఇవే ఆజ్ఞలు రాసి ఇస్తే, అవి పాటించగలిగిన ఆజ్ఞలేనా? పైగా నాకు ఇద్దరు ఆడవాళ్ళ శ్రమ దొరికింది. అరవై దాటిన మా అమ్మ నీళ్ళు మోసింది. నా భార్య ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ. నాకోసం నెల రోజులు బడి మానింది. నా సెలవుకు జీతం వచ్చింది, ఆమె సెలవుకు జీతం కోసుకున్నారు. నేను కోలుకుంటున్న దినాలలో మా ఇంట్లో అందరికంటె ఎక్కువ పని చేసినది వాళ్ళు. అందరూ మెచ్చుకున్నది మాత్రం నా పట్టుదలను.

వ్యక్తి సంకల్పాన్ని మెచ్చుకోవడంలో తప్పేమున్నదని అడగవచ్చు. తప్పు ఇదీ: లేచినవాడిని "నీ గుణం వల్ల లేచావు" అన్న మరుక్షణంలో, లేవనివాడిని "నీ గుణలోపం వల్ల పడివున్నావు" అన్నట్లే అవుతుంది. కర్మ సిద్ధాంతం పూర్వజన్మకు అంటగట్టిన నేరాన్ని ఈ సిద్ధాంతం ఈ జన్మలోనే అంటగడుతుంది. రెండింటిలోనూ సమాజం తప్పించుకుపోతుంది.

నా తుంటిలో ఉన్న వస్తువునే తీసుకోండి. అది నాదే గదా అంటే, నాదే. కాని నాకు ఎట్లా వచ్చింది? 1962లో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అనే వైద్యుడు నేటి తుంటి కీలుకు మూలరూపమైన దానిని అమర్చాడు. అంతకుముందు ఆయన టెఫ్లాన్‌తో చేసిన గిన్నెలు వందలమందికి వేశాడు. అవి రెండు మూడేళ్ళలో అరిగిపోయి, చుట్టూ కండరం పాడయింది. ఒక్కొక్కరికే మళ్ళీ కోత కోయవలసి వచ్చింది. ఆ పదార్థం శరీరంలో ఏం చేస్తుందో తెలుసుకోవడానికి దానిని తన తొడలోనే పెట్టించుకుని చూశాడు. తర్వాత ఆయన ప్రయోగశాలకు ఒక అమ్మకపు మనిషి కొత్తరకం ప్లాస్టిక్ ముక్క తెచ్చాడు. నేతమిల్లుల యంత్రాలలో పళ్ళచక్రాలకు వాడుతున్న సరుకు అది. చార్న్‌లీ దానిని చూసి పనికిరాదన్నాడు. ఆయన ఊళ్ళో లేనప్పుడు, ప్రయోగశాలలో యంత్రాలు చూసే హారీ క్రావెన్ ఆ ముక్కను అరుగుదల యంత్రం మీద పెట్టి తిప్పాడు. అది దాదాపు అరగలేదు. ఆ పాలిథీన్ జాతి ప్లాస్టిక్కే, మెరుగుపడి, ఇవాళ నా గిన్నెలో ఉన్నది.

లంకాషైరు మిల్లుబట్ట మన సాలెల మగ్గాలను ఎట్లా మూలకు తోసిందో చరిత్ర పాఠాలలో చెప్పుకుంటాం. ఆ మిల్లుల సీమ నుంచి వచ్చిన పళ్ళచక్రపు ప్లాస్టిక్ తనకల్లులో ఒక మాస్టరును నడిపిస్తున్నది. ఇందులో వైచిత్రి కంటె ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. యంత్రం తనంతట చెడ్డదీ కాదు, మంచిదీ కాదు. ఎవరికోసం తిరుగుతున్నదన్నదే ప్రశ్న. పెట్టుబడిని మార్క్స్ మృతశ్రమ అన్నాడు, అది జీవశ్రమను పీల్చి బతుకుతుందన్నాడు. నా తుంటిలోనిది కూడ మృతశ్రమే. గని తవ్వినవాడిది, లోహం కరిగించినవాడిది, యంత్రం తిప్పినవాడిది, కోత కోసినవాడిది, ఆ రాత్రి నా రక్తపోటు చూసిన నర్సుది. ఇక్కడ మాత్రం మృతశ్రమ జీవిని మోస్తున్నది. శ్రమకు ఇటువంటి ఉపయోగం కూడ ఉన్నది. చార్న్‌లీ పని చేసింది 1948లో ఏర్పడ్డ ప్రభుత్వ వైద్యవ్యవస్థలో. అక్కడ రోగి జేబు చూసి కీలు వెయ్యనక్కరలేకపోయింది. అదే పనిముట్టు లాభాపేక్ష చేతిలో పడితే ఏమవుతుందో కూడ చూశాం. జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన డిప్యూ సంస్థ 2010 ఆగస్టులో ఏఎస్ఆర్ అనే తుంటి కీలును ప్రపంచమంతటా వెనక్కు తీసుకోవలసి వచ్చింది. లోహం లోహంతో రాచుకుని కోబాల్టు, క్రోమియం రోగుల నెత్తురులో కలిశాయి. మనదేశంలో దాదాపు 4,700 శస్త్రచికిత్సలలో దానిని వాడారు. కేంద్ర ప్రభుత్వం నిపుణుల సంఘాన్ని వేసింది 2017లో, ఏడేళ్ళ తర్వాత.

కనుక కోలుకోవడం ఒక మనిషి ఘనకార్యం కాదు. అది సమాజం చేసే పని. ఇంతవరకు మన పాఠకులలో ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను. అసలు చిక్కు ఇక్కడి నుంచి మొదలవుతుంది.

"పని చెయ్యనివాడికి తిండి లేదు" అనే సూత్రాన్ని మనం ఎన్ని సభలలో చెప్పలేదు? 1936 నాటి సోవియట్ రాజ్యాంగంలో 12వ అధికరణం అదే. జమీందారు మీద, వడ్డీవ్యాపారి మీద, పరాన్నభుక్కు మీద ఆ మాట పిడుగులా పడుతుంది. పడవలసిందే. కాని మంచం మీద పడుకుని ఆ మాట తలచుకుంటే అది నా మీద కూడ పడింది. అవ్వ అన్న మాటా అదే గదా: కూకోని తింటే ఎవురు పెడతారు? ఆమె ఏ రాజ్యాంగమూ చదవలేదు. ఆ సూత్రాన్ని ఆమెకు నేర్పింది కరువు. కరువు నేర్పిన నీతినే మనం విప్లవనీతి అని చెప్పుకుంటున్నామా? అదే నీతితో నేను ఆ ముసలి అయ్యవారి పేరు కొట్టేశానా?

మళ్ళీ పుస్తకాలు తీశాను. తీస్తే, తప్పు పుస్తకాలది కాదు, సగం చదివిన మాది. ఆ రాజ్యాంగంలోనే 120వ అధికరణం ఉన్నది. ముసలితనంలో, జబ్బులో, పని చేసే శక్తి పోయినప్పుడు పోషణ పొందడం పౌరుల హక్కు అని అది చెబుతుంది. దానికి ముందుది విశ్రాంతి హక్కు. మనం 12ను కంఠస్థం చేసి 120ని మరిచిపోయాం. ఆ దేశం 120ని ఎంతవరకు ఆచరించిందనేది చరిత్రకారులు తేల్చవలసిన వేరే ప్రశ్న. నేను మాట్లాడుతున్నది మన జ్ఞాపకశక్తిని గురించి. 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ మార్క్స్ ఇంకా స్పష్టంగా చెప్పాడు. సామాజికోత్పత్తిని శ్రమనుబట్టి పంచేముందే, పని చెయ్యలేనివారి కోసం ఒక భాగం తీసి పక్కన పెట్టాలన్నాడు. మిగిలినదానిని శ్రమ కొలతతో పంచడం కూడ సంపూర్ణ న్యాయం కాదన్నాడు. ఎందుకంటే ఒకడి ఒళ్ళు బలమైనది, ఒకడిది కాదు. ఒకే కొలతను వేర్వేరు మనుషులకు పెడితే ఆ సమానత్వమే అసమానత్వం అవుతుంది. శక్తికొద్దీ ఇవ్వడం, అవసరంకొద్దీ పొందడం అనే రెండింటి మధ్య ఆయన త్రాసు పెట్టలేదు. ఇచ్చినంత పొందమనలేదు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. ఇట్లా అయితే సోమరితనాన్ని సమర్థించినట్లు కాదా? పని ప్రమాణం తీసేస్తే దోపిడీదారును ఏ నోటితో ప్రశ్నిస్తాం? ఈ ఆక్షేపణలో బలం ఉన్నది గాని, రెండు వేర్వేరు సంగతులను అది ఒకటిగా చూస్తున్నది. దోపిడీదారును మనం ఖండించేది అతడు పని చెయ్యలేదని కాదు, ఇతరుల పనిని కాజేశాడని. పొద్దంతా కష్టపడి వడ్డీలెక్కలు రాసుకునే వ్యాపారి కూడ దోపిడీదారే. ఇరవై ఏళ్ళుగా మంచం దిగని పక్షవాతపు రోగి కాడు. నేరం కాజెయ్యడంలో ఉన్నది, కదలకపోవడంలో లేదు. ఈ భేదం మరిచిపోతే మన సూత్రం పైవాడి మీద ఎక్కుపెట్టినట్లు కనబడుతూ కిందివాడిని కొడుతుంది. పైవాడు దానికి అందడు, కిందివాడు అందుతాడు.

పని చెయ్యలేనివాణ్ణి మోయడం నాగరికత ముదిరిన తర్వాత వచ్చిన దయ కూడ కాదు. 1957లో ఇరాక్‌లోని షానిదార్ గుహలో ఒక నియాండర్తల్ మనిషి అస్థిపంజరం బయటపడింది. కుడిచెయ్యి చిన్నప్పుడో వయసులోనో చచ్చుపడ్డది, ఒక కన్ను దాదాపు కనిపించి ఉండదు, కాలు అవకరం. అయినా ఆ దెబ్బలన్నీ మానిన తర్వాత ఏళ్ళతరబడి బతికి, ఆ కాలానికి ముసలితనమనదగిన వయసులో చనిపోయాడు. వేటతో బతికే గుంపు అతడిని వదిలిపెట్టలేదు. చేతినిండా తిండి ఉన్న కాలమా అది? కాదు. లేమిలో పంచుకున్నారు. కరువుసీమలో దయకు చోటెక్కడ అనేవారికి ఆ ఎముకలే సమాధానం.

కోలుకోవడానికి పేదవాడు చెల్లించే ధరను మన సాహిత్యం గుర్తించకపోలేదు. చాసో 'వాయులీనం' కథలో జబ్బుపడిన భార్యను దక్కించుకోవడానికి ఆమె ఫిడేలును అమ్మవలసి వస్తుంది. ఆమె బతుకుతుంది. కాని ఏ సంగీతం ఆమెను ఆమెగా చేసిందో అది ఇల్లు వదిలిపోతుంది. ఈ కథను నేను పదేళ్ళుగా తరగతిలో చెబుతున్నాను. మధ్యతరగతి ఆర్థిక దుస్థితికి ఉదాహరణ అని చెప్పి ముందుకు పోయేవాణ్ణి. ఇప్పుడు ఇంకొకటి కనిపిస్తున్నది. ఒళ్ళు బాగుపడటం, మనిషి బాగుపడటం ఒకటే కాదు. మనిషి ఏ పనిలో తాను తానుగా ఉంటాడో ఆ పనికి తిరిగి చేరినప్పుడే కోలుకున్నట్లు.

ఈ మాట అవ్వకు కూడ వర్తిస్తుంది. కనుకనే ఆమెను ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టడం నేను కోరే న్యాయం కాదు. కాయలు ఒలిచే ఆమె వేళ్ళలో కరువు బలవంతం ఒకటే లేదు. నేర్పు ఉన్నది, గర్వం ఉన్నది. పక్కింటి పిల్ల గింజ చితగ్గొడితే ఊరుకోదు. ఆ పనిని ఆమె నుంచి తీసేసుకుంటే ఆమెను ఇంకోసారి పడగొట్టినట్లే. తీసెయ్యవలసింది పనిని కాదు. పనికీ, ముద్దకూ మధ్య వేసిన ముడిని. ఈ పూట ఒలవకపోయినా సంగటి ఉంటుందని తెలిస్తే, ఆమె ఒలుస్తుందో లేదో ఆమె ఇష్టం. అప్పుడది ఆమె పని. ఇప్పుడది ఆమె కడుపు చేయిస్తున్న పని.

ఇది గాలిలో మేడ కాదు. 1946లోనే భోర్ కమిటీ, డబ్బు లేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోగూడదన్నది. 2006 ఫిబ్రవరిలో ఉపాధిహామీ పథకాన్ని దేశానికంతటికీ మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అంటే పని ఒక హక్కు అని ఈ మట్టి మీదనే ఒప్పుకున్నారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, పేర్లు మారుతూ కొనసాగుతున్నది. శస్త్రచికిత్సకు పేదవాడు చెల్లించనక్కరలేదని ఒప్పుకున్నారు. 2019 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వం, చికిత్స తర్వాత విశ్రాంతి తీసుకునే దినాలకు రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 దాటకుండా, ఇస్తామన్నది. ఆ మొత్తం చిన్నది. దానిని ఏ పార్టీ ఏ ఓట్లకోసం పెట్టిందనే చర్చ కూడ నాకు తెలుసు. కాని అందులో ఒప్పుకున్న సూత్రం పెద్దది: కూలివాడి విశ్రాంతికి కూడ కూలి ఉన్నది. మనం పట్టుకోవలసింది ఆ కొసను. దానికి పక్కన కూర్చునే కోడలి కూలిని కలపాలి, ఎత్తుకుర్చీని కలపాలి, ఇంటికి వచ్చి నడక నేర్పే మనిషిని కలపాలి. రైతు కూలీ సంఘాల కోరికల పట్టికలో కూలిరేటు మొదట ఉంటుంది, ఉండాలి. కోలుకునే హక్కు అందులో ఎక్కడా లేదు. మనం రాయలేదు గనుక లేదు.

మన సంగతి ఒకటి మిగిలింది. 2019లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం ఇటువంటి తుంటి కీళ్ళలో సుమారు 58 శాతం 25 ఏళ్ళు నిలుస్తాయి. నా లెక్కన అరవైలలో నాకు ఇంకొకటి కావలసి రావచ్చు. ఎవడూ జీవితాంతం క్రియాశీల సభ్యుడు కాడు. ముందూ వెనకా మనమంతా ఎవరో ఒకరి భుజం మీద ఉన్నవాళ్ళమే.

చేతికర్ర పట్టి దూరం నడవగలిగిన తర్వాత, 2024 మార్చిలో, ఆ అయ్యవారి ఇంటికి పోయాను. ఆయన పేరు తీసెయ్యమని చెప్పింది నేనేనని చెప్పాను. ఆయనకు ఆ సంగతి ముందే తెలుసు.

"పేరు తీసినందుకు కాదప్పా. ఆ మాట ఒకరన్నా ఇంటికొచ్చి చెప్పింటే బాగుండు" అన్నాడు.

నాకు జవాబు లేకపోయింది. తర్వాతి నెల సమావేశం ఆయన వరండాలో జరుపుకున్నాం. ఆయన కుర్చీలో ఉన్నాడు, నేను ఇంకో కుర్చీలో ఉన్నాను, తక్కినవారు చాపల మీద కూర్చున్నారు. ఆయన పేరు మళ్ళీ చేర్చాలనీ, రాలేని సభ్యుడి ఇంటికి సంఘమే పోవాలనీ తీర్మానించాం. ఈసారి ఏకగ్రీవం కాలేదు. ఒక యువకుడు, "ఇట్లా అయితే పని ఎప్పుడు జరుగుతుంది సార్?" అని లేచి అడిగాడు. రెండేళ్ళ కిందట నేను అడిగిన ప్రశ్నే అది. అతడికి ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ వ్యాసం అతడికోసం రాశాను.

అవ్వ తుంటి అట్లాగే ఉన్నది.